చిత్తడి అడవిలో యాష్ బొలీట్: ఒక గుర్తింపు ప్రాజెక్టు డైరీ

జూలై 12

హ్యూరన్ నది పక్కనున్న చిత్తడి అడవిలో, మంచి వాన పడిన వారంలోపే గుంపులుగా లేచే ఒక గోధుమరంగు పుట్టగొడుగు ఉంది. అది ఏ జాతో ఆధారాలతో తేల్చాలి. ఫొటో చూసి ఎవరైనా చెప్పే పేరు నాకు చాలదు. ఏ లక్షణం చూశాను, ఏ జాతిని ఎందుకు పక్కన పెట్టాను అన్నది వరసగా ఇక్కడ రాసుకుంటాను.

స్థలం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, డెట్రాయిట్‌కు వాయవ్యాన ఉన్న ఓక్లాండ్ కౌంటీ. కార్ల పరిశ్రమ, దాని వెంట వచ్చిన కంప్యూటర్ ఉద్యోగాల వల్ల ఈ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. పిల్లలను తీసుకుని ఈ అడవి బాటల్లో నడిచేవారు నాకు ఎందరో తెలుసు. తెలుగులో రాయడానికి అదే కారణం. ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వ భూముల్లో సొంత వాడకానికి పుట్టగొడుగులు కోసుకోవడానికి అనుమతి ఉంది. నగరాల పార్కులు, కౌంటీ పార్కుల నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి వెళ్ళేముందే కనుక్కోవాలి.

వసంతంలో మంచు కరిగినప్పుడు ఈ అడవిలో నీళ్ళు నిలుస్తాయి. వేసవి నడిమికి ఆ నీరు ఇంకి, నల్లని మెత్తని బురద మిగులుతుంది. చెట్లు చిన్న చిన్న దిబ్బల మీద వేళ్ళూని ఉంటాయి. మేపుల్, ఎల్మ్, యాష్ ఎక్కువ. కింద స్కంక్ క్యాబేజీ అనే మొక్క వెడల్పాటి ఆకులు, వాటి మధ్య ఫెర్న్‌లు. మోకాళ్ళ వరకు వచ్చే రబ్బరు బూట్లు లేకుండా దిగకూడదు. పాయిజన్ సుమాక్ అనే పొద ఇలాంటి తడి నేలల్లోనే పెరుగుతుంది. ఆకు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఈ రాష్ట్రంలో ఉన్న ఒకే ఒక విషసర్పం మససాగా కూడా ఇలాంటి తడి నేలలనే ఎంచుకుంటుంది. అది బెదురు పాము, తనంతట తాను మీదకు రాదు. అయినా కనిపించని చోట చేయి పెట్టకుండా కర్రతో ఆకులు తొలగించి చూస్తున్నాను.

ఈరోజు తీసిన నమూనా వివరాలు. టోపీ వెడల్పు 9 సెంటీమీటర్లు, పసుపు కలిసిన గోధుమరంగు, తాకితే మెత్తని తోలులా ఉంది. గుండ్రంగా లేదు, ఒక పక్క నొక్కినట్టు మూత్రపిండం ఆకారంలో ఉంది. అంచు లోపలికి మడిచి ఉంది. కాడ పొట్టి, 3 సెంటీమీటర్లు, టోపీ మధ్యలో కాకుండా బాగా ఒక పక్కకు జరిగి ఉంది. కాడ మొదలు దాదాపు నల్లన.

అసలు విశేషం అడుగు భాగంలో ఉంది. ముదురు పసుపు రంగు. అవి పుస్తకం పేజీల్లా ఉండే రేకులా, రంధ్రాలా అన్నది మొదటి చూపులో తేలదు. కాడ నుంచి అంచు దాకా గట్లు పరుచుకుని ఉన్నాయి. ఆ గట్ల మధ్య అడ్డంగా సన్నని గోడలు. భూతద్దం కింద చూస్తే ఆ గళ్ళన్నీ పొడుగు రంధ్రాలే. గొట్టాలు మహా అయితే 5 మిల్లీమీటర్ల లోతు, కాడ మీదకు కొంత దిగి ఉన్నాయి. గోటితో గీస్తే కాసేపటికి నీలి ఛాయ వచ్చింది, తరువాత అది గోధుమరంగుకు తిరిగింది.

జూలై 13

పుట్టగొడుగు విత్తనాల్లా రాల్చే పొడి, అంటే సిద్ధబీజాల ముద్ర వచ్చింది. టోపీని కాడ దగ్గర కోసి, సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా వదిలేశాను. పొద్దుటికి ఆలివ్ ఛాయ ఉన్న గోధుమరంగు పొడి పరుచుకుని ఉంది.

ఈ ముద్రతో, అడుగు భాగంతో చాలా జాతులు పక్కకు తప్పుకున్నాయి. ఈ అడవుల్లో ఉండే తెల్లని అమానిటా బైస్పోరిజెరా ప్రాణాంతకం. దాని ముద్ర తెలుపు, అడుగున రేకులు. కుళ్ళిన దుంగల మీద మొలిచే గాలెరినా మార్జినాటా కూడా ప్రాణం తీసేదే, దానికీ రేకులే. నా దాని కింద ఉన్నవి రంధ్రాలు. కాబట్టి అడుగున రేకులకు బదులు రంధ్రాలుండే బొలీట్ల వరసలోకి వస్తుంది. అయితే తినడం అన్న ఆలోచన ఈ ప్రాజెక్టులో లేదు. పేరు తేలడం ఒక పని, పళ్ళెంలోకి రావడం వేరే పని. ఇక్కడికి కొత్తగా వచ్చినవారికి గట్టిగా చెబుతున్నాను: ఊళ్ళో చిన్నప్పుడు కోసుకుని వండుకున్న పుట్టగొడుగుల పోలికతో ఈ దేశపు అడవిలో దేన్నీ తినవద్దు. ఖండం మారితే జాతులు మారతాయి. చూపుకు ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకటే కావు.

జూలై 26

మూడు అనుమానితులను వరసగా చూశాను.

మొదటిది పాక్సిల్లస్ ఇన్వోల్యూటస్. లోపలికి మడిచిన అంచు, గోధుమరంగు టోపీ, కాడ మీదకు దిగే అడుగు భాగం: మూడూ కలుస్తాయి. దీన్ని పక్కన పెట్టడం చాలా అవసరం, ఎందుకంటే ఇది కొన్నిసార్లు తిన్నా ఏమీ చేయనట్టే ఉండి, తరువాతి సారి శరీరం తన ఎర్ర రక్తకణాలను తానే పగలగొట్టుకునేలా చేయగలదు. పుట్టగొడుగుల శాస్త్రంలో దిట్ట అయిన జర్మన్ పండితుడు యూలియస్ షేఫర్ 1944లో దీన్ని తినే మరణించాడు. తేడా ఇది: పాక్సిల్లస్‌కు నిజమైన రేకులుంటాయి, కాడ దగ్గర మాత్రమే అవి అల్లుకుంటాయి. నొక్కితే గోధుమరంగుకు మారుతుంది, నీలం రాదు. నా నమూనాలో అడ్డ గోడలు అంచు దాకా ఉన్నాయి.

రెండోది సుయిల్లస్ ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు. మిషిగన్‌లో టామరాక్ అనే లార్చ్ చెట్లు నిండిన చిత్తడి అడవుల్లో కొన్ని సుయిల్లస్ జాతులు దొరుకుతాయి. వాటి రంధ్రాలు కూడా కాడ నుంచి అంచుకు పరుచుకుని ఉండవచ్చు. కానీ అవి సూదిమొన ఆకుల చెట్లతోనే బతుకుతాయి. నా స్థలంలో టామరాక్ గానీ పైన్ గానీ కనుచూపు మేరలో లేదు. అలాంటి జాతుల్లో లేత దశలో అడుగు భాగాన్ని కప్పి, తరువాత చిరిగే తెర అవశేషాలు తరచు కనిపిస్తాయి, అవి కూడా నా నమూనా కాడ మీద గానీ అంచు మీద గానీ లేవు.

మూడోది గైరోడాన్ లివిడస్. ఫొటోలో చూస్తే దీనికి చాలా దగ్గర. ఇది యూరప్ తడి అడవుల్లో ఆల్డర్ చెట్ల కింద పెరుగుతుంది. నా దిబ్బల చుట్టూ ఆల్డర్ లేదు.

చూడండి, రెండో దాన్నీ మూడో దాన్నీ పక్కన పెట్టడంలో సగం పని చెట్టే చేసింది. పుట్టగొడుగును ఎన్ని వైపుల నుంచి ఫొటో తీసినా తలెత్తి పైన ఏ చెట్టుందో చూడకపోతే ప్రయోజనం లేదు. కాబట్టి ఇకపై ప్రతి నమూనాతో పాటు చుట్టూ పది మీటర్లలో ఉన్న చెట్ల జాబితా కూడా రాస్తాను.

ఆగస్టు 2

చెట్ల జాబితా పూర్తయింది. అన్ని గుంపులకూ ఉమ్మడిగా ఉన్న చెట్టు ఒకటే, యాష్.

ఈ చెట్టును పోల్చుకోవడం సులువు. కొమ్మలు ఎదురెదురుగా వస్తాయి. ఇక్కడి పెద్ద చెట్లలో అలా వచ్చేవి ప్రధానంగా మేపుల్, యాష్. మేపుల్‌కు విడి ఆకు ఉంటుంది, యాష్‌కు ఒకే ఈనె మీద వేపాకులా చిన్న ఆకులు బారుగా ఉంటాయి. బాక్స్ ఎల్డర్ అనే ఒక మేపుల్ మాత్రం ఈ నియమం తప్పి చిన్న ఆకులు పెడుతుంది, దాన్ని ఆకు అంచు చూసి వేరు చేయాలి. తడి నేలలో రెండు యాష్ జాతులుంటాయి. బ్లాక్ యాష్ చిన్న ఆకులకు తొడిమ ఉండదు, బెరడు మెత్తగా పొలుసులు రాలుతుంది. గ్రీన్ యాష్ చిన్న ఆకులకు కురచ తొడిమ ఉంటుంది, ముదురు బెరడు మీద వజ్రాల గళ్ళలా గట్లు కనిపిస్తాయి. నా దిబ్బల మీద ఉన్నవి గ్రీన్ యాష్. బ్లాక్ యాష్ నది ఎగువన కొన్ని ఉన్నాయి. ఈ ప్రాంతపు ఆదివాసులైన అనిషినాబే ప్రజలు తరతరాలుగా ఆ బ్లాక్ యాష్ దుంగను సమ్మెటతో మోది, ఏటి వలయాల వెంట పొరలు పొరలుగా లేపి, ఆ బద్దలతో బుట్టలు అల్లుతున్నారు.

ఇక్కడ నిటారుగా ఉన్న యాష్‌లలో చాలా మటుకు ఎండుమోళ్ళు. బెరడు మీద 3, 4 మిల్లీమీటర్ల రంధ్రాలు, ఒక పక్క బల్లపరుపుగా ఇంగ్లిషు డి అక్షరంలా. బెరడు ఊడిన చోట పాము నడిచిన జాడలాంటి మెలికల దారులు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చని పెంకుపురుగు పని ఇది. ఈశాన్య ఆసియా నుంచి సరుకుల చెక్కపెట్టెల వెంట వచ్చిందని భావిస్తున్నారు. ఈ ఖండంలో దాన్ని మొదట గుర్తించింది 2002లో, ఈ డెట్రాయిట్ దగ్గరే. అప్పటి నుంచి కోట్ల యాష్ చెట్లు పోయాయి.

ఇంత స్పష్టంగా యాష్‌తో ముడిపడి, రంధ్రాలు వరసలు తీరి, కాడ పక్కకు జరిగిన బొలీట్ ఈ ప్రాంతంలో నాకు తెలిసి ఒక్కటే ఉంది: బోలెటినెల్లస్ మెరులియాయిడిస్, వాడుకలో యాష్ బొలీట్. ఇప్పటికి ఇది బలమైన అనుమానం మాత్రమే.

ఆగస్టు 9

చిక్కు ఇక్కడే వచ్చింది, నాకు ఈ పని మీద ప్రేమ రెట్టింపయిందీ ఇక్కడే.

బొలీట్లలో ఎక్కువ భాగం చెట్టు వేరు కొనలకు తొడుగులా అల్లుకుని బతుకుతాయి. శిలీంధ్రం నేలలోంచి నీరు, ఖనిజాలు తెచ్చి ఇస్తుంది, చెట్టు చక్కెర ఇస్తుంది. ఓక్, పైన్, బర్చ్, ఆల్డర్‌లలో ఇదే ఏర్పాటు. యాష్ ఆ తెగకు చెందదు. దాని వేరు కణాల లోపలికి చొచ్చుకుపోయే మరో రకం శిలీంధ్రాలతోనే దానికి పొత్తు, అవి పుట్టగొడుగులు పెట్టవు. మరి ఈ బొలీట్ యాష్ కింద ఏం తిని బతుకుతోంది?

రాత్రి నాన్నకు ఫోను చేశాను. ఆయన కదిరి దగ్గర జీవితమంతా వేరుశనగ పండించిన మనిషి. పుట్టగొడుగు ఫొటోలు ముందే పంపాను.

"ఏ చెట్టు కింద మొలిచిందమ్మా ఇది?" అని అడిగారు ముందు.

యాష్ అన్నాను, చెట్టు గురించి చెప్పాను. ఈ పుట్టగొడుగు ఉన్న చోట వేర్ల మీద ఒక రకం పేనుబంక ఉంటుందని చదివానని కూడా చెప్పాను.

"పేనుబంక ఉందంటే దాని బంక తినేది ఇంకొకటి ఉంటుంది తల్లీ. మన చేలో అయితే చీమలు. చీమలు బారులు తీరాయంటే ఆకు తిప్పి చూడకుండానే పేనుబంక పడిందని చెప్పవచ్చు. అక్కడ చీమలు ఉన్నాయా?"

"ఆ బురదలో చీమల బారు నేను చూడలేదు నాన్నా."

"అయితే ఆ బంక ఎవరు తింటున్నారో చూడు."

ఆగస్టు 16

తవ్వాను. పుట్టగొడుగు పక్కనే, వేరు తెగకుండా, చిన్న తాపీతో పైమట్టి అరచేతి మందాన ఎత్తి, తెల్లని పళ్ళెంలో పరిచి నీళ్ళతో మెల్లగా కడిగాను.

సన్నని యాష్ వేర్ల వెంట ఆవగింజల్లాంటి గుండ్రని నల్లని ఉండలు కనిపించాయి. వేరుశనగలో మొదలు కుళ్ళు తెగులు వచ్చినప్పుడు కాండం చుట్టూ కనిపించే స్క్లెరోషియాలను చూసిన కంటికి ఇవి కొత్త కాదు. శిలీంధ్రం తన పోగులను గట్టిగా చుట్టుకుని, గడ్డు కాలం దాటడానికి కట్టుకునే ఉండలు అవి. కానీ వేరుశనగ తెగులు ఉండ లోపల నిండుగా ఉంటుంది. వీటిని బ్లేడుతో కోస్తే లోపల డొల్ల. కొన్నింటిలో, ఆ డొల్లలో, తెల్లని మైనపు నూగు కప్పుకున్న పేనుబంక పురుగులు ఉన్నాయి.

ఈ సంగతి 1980లలోనే శాస్త్రవేత్తలు రాశారు. 1987లో బ్రండ్రెట్, కెండ్రిక్ అనే ఇద్దరు ఈ బొలీట్‌కు, యాష్ వేర్లను పీల్చే పేనుబంకకు మధ్య ఉన్న పొత్తును వివరించారు. పురుగు వేరు రసం పీలుస్తుంది. మిగులు చక్కెరను తియ్యని బంకగా విడుస్తుంది. ఆ బంక శిలీంధ్రానికి ఆహారం. బదులుగా శిలీంధ్రం పురుగు చుట్టూ ఉండ కట్టి, దాన్ని తినే జీవుల నుంచి కాస్తుంది. అదే పేనుబంక వసంతంలో యాష్ లేత ఆకులను ముడుచుకుపోయేలా చేస్తుంది. అంటే పైన ఆకు ముడత, కింద పుట్టగొడుగు, రెండింటికీ మూలం ఒకే పురుగు.

నాన్నకు ఫోను చేసి చెప్పాను. చీమలు చేసే పని ఇక్కడ శిలీంధ్రం చేస్తోందని విని ఆయన చాలాసేపు ప్రశ్నలు వేశారు: పురుగు ఆ ఉండలోంచి బయటికి ఎలా వస్తుంది, చలికాలం ఎక్కడ ఉంటుంది, చెట్టుకు నష్టమెంత. చివరి దానికి నా జవాబు: చెట్టును చంపుతున్నది ఈ పురుగు కాదు, ఆ పచ్చని పెంకుపురుగు.

పురుగులూ శిలీంధ్రాలూ కలిసి బతకడం మన నేలలోనూ ఉంది. వానాకాలంలో చెదపుట్టల మీద లేచే టెర్మిటోమైసెస్ పుట్టగొడుగులను పెంచేది చెదపురుగులే. పుట్ట లోపల తోటలా సాగు చేసి తింటాయి. అక్కడ పురుగు శిలీంధ్రాన్ని పెంచుతుంది. ఇక్కడ శిలీంధ్రమే పురుగును సాకుతోంది.

ఆగస్టు 17

తవ్విన గుంట పూడ్చి ఆకులు కప్పి వచ్చాను. ఒక గుంపు దగ్గర ఒక్క గుంటే, అదీ అరచేయంత. అంతకుమించి తవ్వితే తెలుసుకునే దానికన్నా పాడుచేసేది ఎక్కువ.

సెప్టెంబరు 6

మైక్రోస్కోపు. ముద్ర నుంచి సూది మొనతో కాస్త పొడి తీసి, పల్చని పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కలిపి, నూనె లెన్సు కింద వెయ్యి రెట్లు పెంచి చూశాను. కంటికటకంలోని గీతలను ముందుగా మైక్రోమీటర్ స్లైడుతో సరిపోల్చుకోవాలి, లేకపోతే కొలతకు విలువ లేదు.

సిద్ధబీజాలు నునుపుగా, లేత పసుపుగా, పొట్టి వెడల్పు అండాకారంలో ఉన్నాయి. పొడవు 7 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వెడల్పు 6 నుంచి 7.5. ఈ కొలతల కన్నా ఆకారమే ఎక్కువ చెబుతోంది. మామూలు బొలీట్ల సిద్ధబీజాలు ఎక్కువగా పొడుగ్గా, కదురులా రెండు కొనలూ సన్నబడి ఉంటాయి. ఇవి దాదాపు గుండ్రనివి. యాష్ బొలీట్ వర్ణనతో పూర్తిగా కలిసింది.

ఇప్పుడు పేరు ధైర్యంగా రాసుకోవచ్చు: బోలెటినెల్లస్ మెరులియాయిడిస్.

ఈ పేరు చరిత్ర చూస్తే తొలి చూపులో నన్ను నిలబెట్టిన ప్రశ్నే పాత శాస్త్రవేత్తలనూ నిలబెట్టిందని తెలుస్తుంది. 1832లో ష్వైనిట్స్ దీన్ని వర్ణించినప్పుడు డీడేలియా ప్రజాతిలో పెట్టాడు. అవి చెక్క మీద పెరిగే, అడుగున పద్మవ్యూహంలాంటి చీలికలుండే గట్టి శిలీంధ్రాలు. 1909లో మర్రిల్ దాన్ని బోలెటినెల్లస్‌లోకి తెచ్చాడు. తరువాత సింగర్ గైరోడాన్‌లోకి మార్చాడు. ఇప్పుడు మళ్ళీ బోలెటినెల్లస్, దానికంటూ వేరే కుటుంబం. అదే కుటుంబంలోని ఫ్లెబోపస్ పోర్టెంటోసస్‌ను థాయిలాండ్‌లో, చైనాలోని యునాన్‌లో చెట్టు అవసరం లేకుండానే సాగు చేస్తున్నారు. బొలీట్లలో అది అరుదైన విషయం. యునాన్‌లో ఆ జాతికీ వేర్ల మీద బతికే పిండినల్లికీ మధ్య ఇలాంటి పొత్తే ఉంది. వేరు తొడుగు మీద ఆధారపడని కుటుంబం కావడం వల్లే పురుగుతో బేరం కుదిరిందని నా అభిప్రాయం.

సెప్టెంబరు 20

వాన లేదు, పుట్టగొడుగులు లేవు. ఎండిన నమూనాలకు చీటీలు రాశాను.

అక్టోబరు 4

పేరు తేలాక అసలు ప్రశ్న మిగిలింది. పెద్ద యాష్‌లు చచ్చిపోయిన అడవిలో ఈ బొలీట్ ఎలా నిలిచింది? చెట్టు చస్తే రసం లేదు, రసం లేకపోతే పేనుబంక లేదు, బంక లేకపోతే శిలీంధ్రానికి తిండి లేదు.

గుంపులన్నింటినీ కాగితం మీద పటంగా గీశాను. ఎండుమోడు చుట్టూ, సమీపంలో పచ్చి యాష్ ఏదీ లేని చోట నాకు ఒక్క గుంపూ కనిపించలేదు. గుంపులన్నీ మొద్దుల నుంచి మళ్ళీ లేచిన పిలకల చుట్టూ, లేదా బొటనవేలి మందం మొక్కల చుట్టూ ఉన్నాయి. యాష్ బోరర్ మరీ సన్నని కాండంలో గుడ్లు పెట్టదు. దాదాపు రెండున్నర సెంటీమీటర్ల మందం వచ్చాకే దాడి చేస్తుంది. అందుకే మొద్దులు పిలకలు వేస్తాయి, ఆ పిలకలు కొన్నేళ్ళు బతుకుతాయి, మందం రాగానే మళ్ళీ చస్తాయి. ఆ కొన్నేళ్ళ పచ్చి వేరే ఈ పుట్టగొడుగుకు ఇప్పుడున్న ఆధారం అనుకుంటున్నాను. ఇది ఒక్క అడవి ముక్కలో చూసింది, ఒక్క ఏడాది చూసింది. అంతకు మించి లాగను.

ఆశకు కారణాలు ఉన్నాయి. పెంకుపురుగును తినే చిన్న కందిరీగలను దాని స్వదేశం నుంచి తెచ్చి 2007లో మిషిగన్‌లో వదలడం మొదలుపెట్టారు. పురుగు దాడి తట్టుకుని నిలబడిన అరుదైన యాష్‌లను వెతికి, వాటి సంతతిని పెంచే ప్రయత్నం కూడా జరుగుతోంది. ఆ చెట్లు నిలిస్తే వాటి వేరూ, పురుగూ, ఈ బొలీటూ నిలుస్తాయి.

అక్టోబరు 11

ఈ ఏటికి చేసిన పని ముగింపు లెక్క ఇది. ప్రతి గుంపు నుంచి ఒక నమూనాను తక్కువ వేడి మీద పెళుసుగా విరిగేదాకా ఆరబెట్టి, చీటీతో కాగితపు సంచిలో పెట్టాను. చీటీ మీద తేదీ, స్థలం, చెట్టు, ముద్ర రంగు, సిద్ధబీజాల కొలత ఉన్నాయి. యాష్ వేర్ల మీది ఉండల్లో దొరికిన పురుగులు కొన్ని ఆల్కహాల్ సీసాలో. ఒక నమూనా ముక్క డీఎన్ఏ పరీక్షకు పంపాను. బాగా కుదిరిన రెండు నమూనాలు ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయ హెర్బేరియంకు, అంటే ఎండిన నమూనాలు దాచే చోటుకు, పనికివస్తాయేమో అడగాలి. పుట్టగొడుగుల శాస్త్రవేత్త అలెగ్జాండర్ స్మిత్ దశాబ్దాల పాటు సేకరించిన పుట్టగొడుగులు అక్కడ ఉన్నాయి. వాటి మధ్య ఈ అడవి ముక్క నుంచి, పెద్ద యాష్‌లు పోయిన తరువాతి కాలం నుంచి ఒక ఆధారం ఉండాలని నా కోరిక.

వచ్చే మే నెలలో చేయవలసినవి: పిలకల లేత ఆకుల్లో ముడత ఎక్కడెక్కడ ఉందో పటంలో గుర్తించాలి, జూలైలో ఆ చోట్లకే మొదట వెళ్ళాలి. ఆకు ముడత ఉన్న మొక్క కిందే బొలీట్ వస్తుందా అన్నది ఆ రెండు పటాలు పక్కపక్కన పెడితే కొంత తేలుతుంది. ప్రతి పిలక కాండం మందాన్ని కూడా కొలవాలి. నదికి దగ్గరగా ఉన్న మొద్దు పిలకలు ఇప్పటికే రెండు సెంటీమీటర్లు దాటాయి, వాటిని ముందు చూడాలి.